పికప్ బండి ముందు లేపే పనికి ఒక లెక్క చెప్పండి: రవాణా అధికారులకు, బండి కంపెనీలకు బహిరంగ లేఖ

రవాణా శాఖ అధికారులకు, పికప్ బళ్లు తయారుచేసే కంపెనీల వారికి, మా ఊళ్లలో ఫ్రంట్ పని చేసే మెకానిక్ అన్నలకు నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలం. పదకొండేళ్లుగా పికప్ నడుపుతున్నాను. బండి నాదే, డ్రైవరూ నేనే. కొండ దిగువ ఊళ్ల నుంచి పనసకాయలు, జీడిపిక్కలు, ఉద్దానం తోటల నుంచి కొబ్బరికాయలు ఎక్కించుకుని పలాస, టెక్కలి, ఒక్కోసారి నరసన్నపేట దాకా వెళ్తాను. ఇప్పుడు రాయబోయే విషయం మీద మూడు సోమవారాలు అధికారుల దగ్గరికి వెళ్లి అర్జీ ఇచ్చాను. మూడుసార్లూ రసీదు ఇచ్చారు. మూడోసారి వారం తిరక్కుండా "మీ అర్జీ పరిష్కరించబడింది" అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఎవరూ నాతో మాట్లాడలేదు, బండి చూడలేదు, ఏం పరిష్కరించారో ఇప్పటికీ నాకు తెలీదు. అందుకే నలుగురూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

మా వైపు చాలా పికప్ బళ్లకు ముందు భాగం లేపించి, కంపెనీ ఇచ్చిన వాటికంటే పెద్ద టైర్లు వేయించుకుంటున్నారు. నేనూ వేయించాను. దానివల్ల ఒక మనిషి భుజం విరిగింది. తప్పు నాదే, అది దాచుకోవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కానీ నాకు ఆ పని చేసిన మెకానిక్‌కు గానీ, ఆ తర్వాత నా బండికి ఫిట్‌నెస్ ఇచ్చిన వాళ్లకు గానీ, బండి అమ్మిన షోరూమ్‌కు గానీ ఇందులో ప్రమాదం ఎక్కడుందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ఆ కాగితమే అడుగుతున్నాను.

ఎందుకు లేపిస్తామో ముందు చెప్పాలి, షోకు కోసం అని చాలామంది అనుకుంటారు. లోడు మోయాలి కాబట్టి పికప్‌కు వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) గట్టిగా ఉంటాయి, ఖాళీ బండి వెనక ఎత్తుగా, ముందు వాలినట్టు నిలబడుతుంది. మందస నుంచి కొండల వైపు వెళ్లే దారుల్లో వానలకు మట్టి కొట్టుకుపోయి రాళ్లు లేస్తాయి, కల్వర్టు దగ్గర ఒక అడుగు గుంట పడితే మళ్లీ వేసవి దాకా అలాగే ఉంటుంది. అక్కడ ఇంజిన్ కింద అడ్డంగా ఉండే ఇనుప దూలం రాయికి తగిలి ఒకసారి నా బండి అరగంట కదల్లేదు. పనసకాయలు ఎక్కించిన ముసలాయన తన బస్తాలన్నీ మళ్లీ దించుకున్నాడు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఈ పికప్‌లే తోటల దారుల్లో పడిపోయిన చెట్ల మధ్య నుంచి ఊళ్లకు నీళ్ల డబ్బాలు మోశాయి. అంటే ఈ బళ్లు అక్కడికి వెళ్లక తప్పదు, వెళ్లాలంటే కింద ఎత్తు ఉండాలి.

ముందు టోర్షన్ బార్ ఉన్న బళ్లలో ఈ పని ఎంత తేలికో చూడండి. అది పొడుగాటి ఉక్కు కడ్డీ. ఒక కొన చక్రాన్ని పట్టుకున్న ఆర్మ్‌కు, రెండో కొన ఛాసిస్‌కు ఉంటుంది. తడిబట్టను పిండినట్టు మెలిపడి అది బండి బరువు మోస్తుంది. ఛాసిస్ వైపు కొన దగ్గర ఒక బోల్టు ఉంటుంది, దాన్ని బిగిస్తే ముందు లేస్తుంది, వదులు చేస్తే దిగుతుంది. కంపెనీ ఆ బోల్టు పెట్టింది రెండు వైపులా ఎత్తు సమానంగా సరిచేసుకోవడానికి. మా దగ్గర దాంతో రెండు అంగుళాలు లేపేస్తారు. అరగంట పని. కాయిల్ స్ప్రింగ్ బళ్లకైతే స్ప్రింగ్ దగ్గర దిమ్మ పెడతారు, కమాన్ బళ్లకు పట్టీ కలుపుతారు.

నా బండికి చేసేటప్పుడు అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడే కోణాలు, చూడాలా అని మెకానిక్‌ను అడిగాను. "ఏటవుద్ది బావూ, రెండు చుట్లు తిప్పితే సరి" అన్నాడు. మంచివాడు, నన్ను మోసం చెయ్యలేదు, అతనికి తెలిసింది అంతే. రెండు వైపులా చుట్లు లెక్కపెట్టి సమానంగా బిగించాడు. టేపు పెట్టి కొలవలేదు.

పోయిన ఏడాది కార్తీక మాసంలో, రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో, మందస నుంచి హరిపురం వైపు వస్తున్నాను, వెనక కొబ్బరికాయల లోడు. ఎదురుగా ఒక బైకు. నేను డిప్ కొట్టాను, అంటే లైటు వెలుగు కిందికి దించాను. అయినా దగ్గరికి వచ్చేసరికి బైకు ఒకసారి ఊగి, రోడ్డు దిగి పొలంలో పడిపోయింది. బండి ఆపి పరిగెత్తాను. నడుపుతున్న అతను కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే కూలి, వెనక కూర్చుంది భార్య. ఆమె మోచేతులు గీసుకుపోయాయి. అతని కుడి భుజం ముందుకు వాలిపోయి ఉంది, నోట మాట లేదు. ఆమె మాత్రం "ఏటీ కనపడలేదు బాబూ, ఎదరంతా తెల్లగా అయిపోనాది" అని అదే మాట మళ్లీ మళ్లీ అంది. నా బండిలోనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. జబ్బ ఎముక విరిగిందన్నారు. చెట్టెక్కితేనే కూలి వచ్చే మనిషి, మూడు నెలలు ఎక్కలేకపోయాడు. నేను ఇవ్వగలిగింది ఇచ్చాను, అది మూడు నెలల కూలికి సరిపోలేదు.

మర్నాడు రాత్రి మా ఊరి మిల్లు గోడకు ఎదురుగా బండి పెట్టి, పది మీటర్లు టేపుతో కొలిచి, హెడ్‌లైటు మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో గోడ మీద సుద్దతో గీత గీశాను. డిప్‌లో వెలుగు పై అంచు ఆ గీత కంటే ఓ 10 సెంటీమీటర్లు కింద పడాలి. నాది 7 సెంటీమీటర్లు పైన పడింది. అంటే ఆ రాత్రి నేను డిప్ కొట్టినా కొట్టనట్టే.

ఇక దీనివల్ల మామూలు జనానికి ఏమవుతుందో వరసగా రాస్తాను.

1. ఎదురొచ్చేవాళ్ల కళ్లు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే, ఎవరూ మాట్లాడనిదీ ఇదే. లెక్క చాలా చిన్నది. బండి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య సుమారు 3 మీటర్లు ఉంటుంది. ముందు 5 సెంటీమీటర్లు లేపితే బండి మొత్తం ఆ వాలుకు తిరుగుతుంది, హెడ్‌లైటూ దానితో పాటే తిరుగుతుంది. 30 మీటర్ల దూరంలో 30 సెంటీమీటర్లు దిగాల్సిన వెలుగు, దిగకపోగా 20 సెంటీమీటర్లు పైకి పోతుంది. 60 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి దాదాపు బైకు మీద కూర్చున్న మనిషి ముఖం ఎత్తుకు చేరుతుంది. వెనక లోడు పడి కమాన్లు వంగితే ఇంకా పైకి. హైవే మీద మధ్యలో డివైడర్ ఉంది, కొంత నయం. లోపలి రోడ్లకు అది లేదు. ఆ రోడ్ల మీద రాత్రిపూట ఎవరుంటారో మీకు తెలుసు: పలాస జీడి ఫ్యాక్టరీల్లో పని ముగించుకుని వచ్చే ఆడవాళ్లు, డయాలిసిస్ చేయించుకుని ఆటోలో నీరసంగా ఇంటికి చేరే ఉద్దానం వాళ్లు, సైకిల్ మీద పాల డబ్బాలతో వెళ్లే ముసలివాళ్లు. హెడ్‌లైటు వెనక ఉండే చిన్న స్క్రూ తిప్పితే ఇది సరైపోతుంది. పైసా ఖర్చు లేదు. ముందు లేపిన ఏ మెకానిక్కూ ఆ స్క్రూ ముట్టుకోవడం నేను చూడలేదు.

2. స్టీరింగ్. ముందు లేస్తే చక్రం నిలబడే కోణాలన్నీ మారిపోతాయి, క్యాంబర్, క్యాస్టర్, టో మూడూ. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాకపోవడం, నేరుగా వెళ్లాల్సిన బండి పక్కకు లాగడం అందరు డ్రైవర్లకూ తెలుసు, కానీ రోడ్డు బాగోలేదులే అనుకుంటాం. నా ఎడమ ముందు టైరు నాలుగు నెలల్లో లోపలి అంచు అరిగి తీగలు బయటపడ్డాయి. బయట నుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. లోపలివైపు చెయ్యి పెట్టి తడిమితే వేళ్లకు గుచ్చుకుంది. ఆ టైరుతో నేను పెళ్లివాళ్ల సామాను వేసుకుని, ముందు సీట్లో ఒక తల్లీ బిడ్డనూ కూర్చోబెట్టుకుని హైవే మీద 70లో వెళ్లాను.

3. కింద జాయింట్లు. సస్పెన్షన్‌కు పైకి కదలడానికే కాదు, కిందికి జారడానికీ చోటు కావాలి. బోల్టు బాగా బిగించేస్తే ఆ కిందికి జారే చోటు అయిపోయి, ఆర్మ్ వెళ్లి రబ్బరు స్టాపర్‌కు ఆనుకుని కూర్చుంటుంది. చక్రం గుంటలో పడిన ప్రతిసారీ ఇనుము కొట్టినట్టు దెబ్బ. దాన్నే మనం "సస్పెన్షన్ గట్టిపడింది" అని సంతోషిస్తాం. చక్రాన్ని ఆర్మ్‌కు కలిపే బాల్ జాయింట్ ఎప్పుడూ వంకరగా ఉండి దాని రబ్బరు తొడుగు చిరుగుతుంది, గ్రీజు పోయి దుమ్ము చేరుతుంది. అది ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది, అప్పుడు డ్రైవర్ చేతిలో ఏమీ ఉండదు. బ్రేకు గొట్టం పొడవు కూడా పాత ఎత్తుకు సరిపడా ఇచ్చిందే, చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు అది బిగుసుకుంటోందా అని చూసేవాళ్లు తక్కువ.

4. పెద్ద టైరు వల్ల మనకు వచ్చేది ఎంత? 215/75 ఆర్15 టైరు మొత్తం ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. 235/75 ఆర్15 అయితే 733. తేడా 30, అందులో బండి కిందికి దక్కేది సగం, అంటే 15 మిల్లీమీటర్లు. వేలు మందం. దాని కోసం ముందు రెండంగుళాలు లేపి పైన రాసినవన్నీ నెత్తికి తెచ్చుకుంటున్నాం. ఇంకా పెద్దదానికి, 245/75 ఆర్16కి వెళ్లేవాళ్లూ ఉన్నారు. దాని ఎత్తు మొదటిదానికంటే 10 శాతం ఎక్కువ, మీటరు 60 చూపిస్తే బండి నిజానికి పాత లెక్కకంటే ఆరు కిలోమీటర్లు ఎక్కువ వేగంలో ఉంటుంది, బ్రేకు అంతకు అంత బలంగా తొక్కాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డు లోపల రాసుకుంటుంది. ఇంకొకటి, టైరు పక్కన సైజు తర్వాత ఉండే అంకె ఎవరూ చదవరు. 100 అని ఉంటే ఆ టైరు మోసేది 800 కిలోలు, 104 అయితే 900, 109 అయితే 1030. కార్ల నుంచి తీసిన పెద్ద టైర్లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్నాయని తెచ్చి లోడు బండికి వేస్తున్నారు. చూడ్డానికి లావుగా ఉంటాయి, మోసే బరువు కంపెనీ టైరు కంటే తక్కువ ఉండొచ్చు.

5. "బిగిస్తే ఇంకో మూడు బస్తాలు మోస్తాది" అనే నమ్మకం. మోయదు. బోల్టు బిగిస్తే కడ్డీ బలం పెరగదు, నిలబడే ఎత్తు మాత్రమే మారుతుంది. ఇక వెనక కూడా లేపితే మరో చిక్కు ఉంది. చాలా పికప్‌లకు వెనక ఇరుసు దగ్గర లోడును బట్టి బ్రేకు ఒత్తిడి మార్చే వాల్వ్ ఉంటుంది. వెనక ఎత్తు పెరిగితే బండి ఖాళీగా ఉందని ఆ వాల్వ్ లెక్క వేసుకుని, నిండు లోడు మీద కూడా వెనక బ్రేకు తక్కువ ఇస్తుంది.

6. చట్టం, డబ్బు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. చట్టం కాదనడం లేదు. కానీ నా బండి లేపి ఉన్నప్పుడు ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) తీసుకెళ్తే ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను దించేసి, కంపెనీ టైర్లు వేయించి, లైట్లు సరిచేసుకున్నాక, తోటి డ్రైవర్ నాది ముందున్నంత ఎత్తుకే లేపిన తన బండి తీసుకెళ్తే, ఎత్తు ఎక్కువని వెనక్కి పంపారు. పక్క జిల్లాలో ఇంకొకతనికి టైర్లు మాత్రం మార్చుకురమ్మన్నారు, ఎత్తు ఊసే లేదు. రవాణా బండి రిజిస్ట్రేషన్ వివరాల్లో టైరు సైజు ఉంటుంది, ముందు చక్రం దగ్గర బండి ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలో మాత్రం మా చేతికిచ్చే ఏ కాగితంలోనూ లేదు. లేని కొలతకు మేం ఎలా కట్టుబడాలి? రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు ఈ మార్పే చూపించి పేచీ పెట్టొచ్చు, అప్పుడు దెబ్బ తిన్నవాళ్ల ఇంటికి డబ్బు ఎప్పుడు అందుతుందో ఊహించుకోండి.

మెకానిక్ అన్నలారా, మీకు రెండు మాటలు. మీ పని మానుకోమని నేను అనను, బార్ ఎప్పుడో ఒకప్పుడు సరిచేయాల్సిందే, పాతబడ్డ బండి ఒక పక్కకు ఒరుగుతుంది. కానీ చదును నేల మీద పెట్టి, గాలి సరిగ్గా కొట్టి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా రెండు వైపులా టేపుతో కొలవండి. చుట్ల లెక్క నమ్మొద్దు, రెండు కడ్డీలూ ఒకేలా అలిసిపోవు. బోల్టు తిప్పేముందు పెయింటుతో గుర్తు పెట్టండి, తేడా వస్తే మళ్లీ అక్కడికే రావచ్చు. జాకీ మీద బరువు తీసేశాకే బోల్టు ముట్టుకోండి, లేకపోతే మర తినేస్తుంది. దించాక బండిని కాస్త ముందుకీ వెనక్కీ నడిపి, సర్దుకున్నాక మళ్లీ కొలవండి. ఆ తర్వాత అలైన్‌మెంట్‌కు పంపండి, సాయంత్రం గోడ ముందు లైటు చూడండి. ఇవన్నీ చేసినందుకు ఇంకో మూడు వందలు అడగండి, నేనైతే ఇస్తాను, మిగతా డ్రైవర్లకూ చెప్తాను.

ఇప్పుడు మా కోరికలు.

1. ఏ మోడల్ పికప్‌కు ఏ టైరు సైజులు ఒప్పుకుంటారు, ముందు ఎత్తు ఎంత వరకు సర్దుబాటు, ఎక్కడి నుంచి నేరం, ఇది తెలుగులో ఒక పేజీ రాసి ప్రతి రవాణా ఆఫీసు గోడ మీద అంటించండి. ఒక్క మిల్లీమీటరు కూడా మార్చకూడదంటే అదే రాయండి. మేం పాటిస్తాం. ఒక్కో బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు ఒక్కో మాట ఉండడమే మాకు టెన్షన్.

2. ఎఫ్‌సీ పరీక్షలో హెడ్‌లైటు వెలుగు ఎక్కడ పడుతోందో నిజంగా చూడండి. వెలుగుతోందా లేదా అని స్విచ్ వేసి చూసి టిక్ పెట్టడం కాదు. గోడ, గీత, టేపు చాలు. మడపాం టోల్‌గేట్ లాంటి చోట నెలకు ఒక రాత్రి ఒక మెకానిక్‌ను కూర్చోబెట్టి, లైట్లు పైకి కొడుతున్న బళ్లను ఆపి అక్కడికక్కడే స్క్రూ తిప్పించండి. మొదటిసారి జరిమానా వద్దు, రెండోసారి పట్టుబడితే వేయండి, మేం అడ్డు చెప్పం.

3. కంపెనీల వారికి: ముందు చక్రం దగ్గర ఉండాల్సిన ఎత్తు మిల్లీమీటర్లలో, ఖాళీ బండికి ఎంత, నిండు లోడుకు ఎంత, డోరు దగ్గర టైరు గాలి స్టిక్కర్ పక్కనే అంటించండి. తెలుగులో మాన్యువల్ ఇవ్వండి. గతుకుల దారుల్లో తిరిగే బళ్లకు మీరే పొడవైన షాక్ అబ్జార్బర్లు, సరైన ఆర్మ్‌లు, సరైన టైర్లతో పరీక్షలు చేయించి, అనుమతి పొందిన మోడల్‌గా అమ్మండి. ఇంజిన్ కింద గట్టి రేకు కవచం ఒక్కటి ఇచ్చినా సగం మంది ముందు లేపే ఆలోచన మానేస్తారు. నేను దించేశాక వెల్డింగ్ షాపులో అలాంటి రేకే కొట్టించుకున్నాను, అయితే అది కంపెనీ పరీక్షించింది కాదు కాబట్టి ఇంకొకరికి పెట్టించుకోమని చెప్పలేకపోతున్నాను.

4. పలాస, టెక్కలి, సోంపేట వైపు షెడ్లలో పని చేసే కుర్రాళ్లకు దగ్గరలోని ఐటీఐలో రెండు రోజుల శిక్షణ పెట్టించండి. మా మండలంలో ఎంతమంది వస్తారో పేర్లు రాసి నేనే తెచ్చిస్తాను.

5. కొండ దారుల్లో కల్వర్టు గుంటలు రవాణా శాఖ పని కాదని నాకు తెలుసు. అయినా ఈ ఉత్తరం రోడ్ల వాళ్ల దాకా చేరితే, కనీసం రాళ్లు తేలిన చోట్లు వానలు రాకముందే పూడ్పించమని అడుగుతున్నాను.

వచ్చే సోమవారం నాలుగోసారి అర్జీతో వస్తున్నాను. దానికి నా బండి కొలతలు, గోడ మీద వెలుగు పడిన ఫొటోలు, లోపలి అంచు అరిగిన ఆ టైరు ఫొటో జతచేస్తున్నాను. టైరు ఇంకా ఇంటి దగ్గరే ఉంది, కావాలంటే అదీ తెస్తాను. ఆ కూలి మనిషి కూడా వస్తానన్నాడు. ఈసారి మెసేజ్ పంపేముందు దయచేసి మా ఇద్దరితో మాట్లాడండి.

ఇట్లు,
మందస మండలానికి చెందిన ఒక పికప్ డ్రైవరు